ఆకలి వేళకు ముందే

ధ్యాన భాగములు: ఆదికాండము 25:29–34, దానియేలు 1:8–16



మన కోనసీమ గ్రామములలో నేడు చదువుకొను బిడ్డ లేని యిల్లు అరుదు. కొబ్బరి దింపు కూలికి పోవువారు సైతము తమ పిల్లలను కాకినాడకో, రాజమహేంద్రవరమునకో, విశాఖపట్టణమునకో పంపి చదివించుచున్నారు. మన తాతలలో అనేకులకు అక్షరము రాదు. వారి మునిమనుమలు విశ్వవిద్యాలయములలో కూర్చుండుచున్నారు. ఇది దేవుడు మనకు చేసిన గొప్ప మేలు. బిడ్డను బస్సు ఎక్కించునప్పుడు వాని మార్కులను గూర్చియు, స్నేహములను గూర్చియు మనము ప్రార్థించుచున్నాము. వాడు రాత్రివేళ ఏమి తినునో దానిని గూర్చి ప్రార్థించువారు ఎందరు? తిండిని గూర్చి ప్రార్థన యేమిటని మీరు నవ్వవచ్చును. నేనును ఒకప్పుడు నవ్వితిని. నా యింటిలోనే ఈ పాఠము నేర్చుకొంటిని.

మా పెద్దవాడు ఇంజనీరింగు చదువుచున్నాడు. గడచిన క్రిస్మసు సెలవులకు వచ్చినప్పుడు వాని తల్లి చేపల పులుసు కాచి వడ్డించినది. వాడు రెండు ముద్దలు తిని, కడుపు పట్టుకొని లేచిపోయెను. అమలాపురములో వైద్యుని యొద్దకు తీసికొనిపోతిని. ఆయన మందు వ్రాయకముందే, "రాత్రిపూట ఏం తింటున్నావు బాబూ?" అని అడిగెను. వాడు దాచలేదు. హాస్టలు కూర రుచింపదు గనుక రాత్రి 10 గంటలకు బండి దగ్గర నూడిల్సో, ఫ్రైడ్ రైసో, దానితో ఒక కూల్ డ్రింకు. పరీక్షల దినములలో ఫోనులో నొక్కినచో గదికే వచ్చును. ఉదయము ఆలస్యముగా లేచును గనుక పలహారము లేదు. కడుపులో మంటకు ఈ తిండియు, ఈ వేళలును తోడైనవనియు, రక్తపోటు కూడ ఆ వయస్సునకు హెచ్చుగా నున్నదనియు వైద్యుడు చెప్పెను. వానికి 20 యేండ్లు.

తిరిగి వచ్చునప్పుడు బస్సులో వానిని గద్దించితిని. వాడు కొంతసేపు ఊరకుండి మెల్లగా, "నాన్నగారండీ, మీకు షుగరుంది కదా. ప్రార్థనకి ఎవరింటికెళ్ళినా స్వీటు పెడితే కాదనరు. నేనొక్కణ్ణేనా?" అనెను.

ప్రతి ఆదివారము బోధించు నా నోరు ఆ దినమున మూతపడెను. వాడు చెప్పినది నిజము. ప్రేమతో పెట్టినదానిని కాదనుట మర్యాద కాదని నాకు నేనే చెప్పుకొనుచుంటిని. వానికి నూడిల్సు, నాకు పూతరేకు. వాడు స్నేహితుల పేరు చెప్పును, నేను సంఘస్థుల పేరు చెప్పుదును. అంతియే భేదము.

అయితే ఇది పాపమా? నోటిలోనికి పోవునది మనుష్యుని అపవిత్రపరచదని ప్రభువు బోధించెను గదా (మార్కు 7) అని కొందరు అడుగుదురు. ఆ మాట సత్యము. గనుక నూడిల్సును పాపమని నేను అనను. ఆ బండివానిని నిందింపను. అతడును ఒక తల్లి బిడ్డయే. అర్ధరాత్రి వరకు మంట యెదుట నిలువబడి, ఆకలిగొన్న బిడ్డలకు వేడిగా వండి పెట్టుచున్నాడు. తిండి విషయములో ఒకరికొకరు తీర్పు తీర్చుకొనవద్దని రోమా పత్రిక 14వ అధ్యాయము మనలను హెచ్చరించుచున్నది. అయినను పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయములో ప్రశ్నను వేరొకవైపు త్రిప్పుచున్నాడు. ఇది తినవచ్చునా అను ప్రశ్నతో అతడు ఆగలేదు. తినవచ్చునన్నది నాకు యజమాని కాకూడదనెను. దేహము మన సొత్తు కాదు, విలువపెట్టి కొనబడినదనెను. గనుక మనము అడుగవలసినది ఒక్కటే: ఏలునది నేనా, నా ఆకలియా?

లేఖనములలో ఇద్దరు యౌవనులను చూడుడి. ఏశావు పొలమునుండి అలసి వచ్చెను. అతని ఆకలి నిజమైనదే. చిక్కుడుకాయల వంటకములో విషము లేదు. అది మంచి తిండియే. తప్పు వంటకములో లేదు, తొందరలో నున్నది. ఆ గడియ తప్ప మరేదియు అతనికి కనబడలేదు. కడుపు నింపుకొని తన దారిన పోయెను. ఏడ్చినది చాల కాలము తరువాత.

రెండవవాడు దానియేలు. ఇతడును ఇల్లు విడిచి పరదేశములో 3 సంవత్సరముల చదువునకు ఏర్పరచబడినవాడే. అతడు రాజుగారి భోజనమును మానినది ఆరోగ్యము కొరకు కాదు, దేవుని యెదుట అపవిత్రుడు కాకుండుటకు. అయినను అతడు ఎప్పుడు నిశ్చయించుకొనెనో గమనించుడి. పళ్లెము ముందుకు రాకమునుపే హృదయములో నిశ్చయించుకొనెను. అధికారిని మర్యాదగా బతిమాలి 10 దినముల పరీక్ష కోరెను. ఒంటరిగా గాక ముగ్గురు స్నేహితులతో కలిసి నిలిచెను.

ఆకలి మండునప్పుడు మనిషి ఆలోచింపడు. అలవాటే వానికి బదులుగా ఆలోచించును. కాబట్టి స్వాతంత్ర్యము బండి దగ్గర దొరకునది కాదు. దానిని ముందే, కడుపు చల్లగా నున్నప్పుడే, ప్రార్థనలో సంపాదించుకొనవలెను.

ఈ నష్టము ఆ రాత్రియే కనబడదు. మైదాలో పీచు ఎక్కువగా మిగులదు. అది త్వరగా అరిగి చక్కెరయై, త్వరగా మరల ఆకలి పుట్టించును. మరల మరల కాచిన నూనె చెడును. ఉప్పు రోజుకు 5 గ్రాములకు లోపుగా నుండవలెననియు, విడిగా చేరు చక్కెర 25 గ్రాములకు మించకుండుట మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 300 మిల్లీలీటర్ల కోలా సీసా ఒక్కదానిలోనే ఇంచుమించు 30 గ్రాముల చక్కెర యుండును. మన దేశములో 10 కోట్లమందికి పైగా మధుమేహమున్నదని 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి పరిశీలన తెలుపుచున్నది. వారిలో నేనొకడను.

కళాశాలల ఆవరణలో ఇట్టి తిండి అమ్మరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2016లోను, మరల 2018లోను వ్రాసెను. మంచిదే. అయితే ఆజ్ఞ గేటు లోపల నుండును, బండి గేటు బయట నుండును. ధర్మశాస్త్రము చేయలేనిదానిని మారిన హృదయమే చేయవలెను.

నేనును మా వాడును దానియేలువలె 10 దినముల ఒడంబడిక చేసికొంటిమి. వాడు రాత్రి 8 గంటలలోపు హాస్టలులోనే అన్నము, పెరుగు, ఉడికించిన గ్రుడ్డు తినవలెను. నేను ఏ యింటను స్వీటు ముట్టరాదు. 4వ దినమున స్నేహితుని పుట్టినరోజున వాడు తప్పిపోయి, తానే ఫోను చేసి ఒప్పుకొనెను. మరునాడు మరల మొదలుపెట్టెను. 6వ దినమున ఒక ముసలమ్మగారి యింట పూతరేకు నా చేతికి వచ్చెను. జంకుచు, నాకు షుగరున్నదని చెప్పితిని. ఆమె నొచ్చుకొనలేదు. "ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ అయ్యగారండీ!" అని మజ్జిగ తెచ్చి యిచ్చెను. ఇన్ని యేండ్లుగా నేను మర్యాద అనుకొన్నది నా నాలుక యొక్క సాకు మాత్రమేనని ఆ దినమున తెలిసికొంటిని.

తలిదండ్రులారా, ఫోనులో "తిన్నావా?" అని అడిగి ఊరకుండవద్దు. "ఏమి తిన్నావు, ఎవరితో తిన్నావు?" అని అడుగుడి. పంపునప్పుడు డబ్బుతోపాటు వేయించిన శనగలు, అటుకులు, అరటిపండ్లు సంచిలో పెట్టుడి. పట్టణ సంఘస్థులారా, మా బిడ్డలు మీ మందిరములలో వెనుక బల్లలమీద కూర్చుందురు. నెలకొక ఆదివారము వారిని మీ యింటి భోజనమునకు పిలువుడి. యౌవనులారా, పెద్దలమైన మేము మీకంటె బలవంతులము కాము; మాతోకూడ ఈ పరీక్షకు రండి.

ప్రార్థన: ప్రభువా, మా ఆకలి నీ యెరుకలో నున్నది. ఆ గడియకు ముందే మా హృదయములను స్థిరపరచుము. దూరముగా చదువుకొను మా బిడ్డలకు మంచి భోజనమును, మంచి తోడును దయచేయుము. ఆమేన్.