ఆలస్యం ఎవరిది? ఆకలి ఎవరిది?



ఒక ఆదివారం పూజ ముగిశాక ఇద్దరు మనుషులు, ఒకరి తరువాత ఒకరు, నన్ను చూడటానికి వచ్చారు. మొదటివాడు సెంట్రింగు కూలీ. అపార్టుమెంటు పనిలో రెండో అంతస్తు పరంజా మీదనుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. రెండవవారు ఆ పని చేయించిన కాంట్రాక్టరుగారు. ఇద్దరూ మన విచారణవారే; ఒకే పీఠం ముందు మోకరించేవారే.

పడిన రోజున కాంట్రాక్టరుగారే అతనిని ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. మొదటి ఖర్చులు పెట్టారు. "ఆఫీసుల చుట్టూ తిరగకురా, నేను చూసుకుంటాను కదా" అన్నారు. ఆ మాట నమ్మి అతను ఊరుకున్నాడు. ఆరు నెలలు ఎంతో కొంత అందింది; తరువాత ఆగిపోయింది. చివరికి కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు వేసేసరికి ప్రమాదం జరిగి రెండేళ్ళ నాలుగు నెలలు దాటింది. గడువు దాటిన దరఖాస్తు చెల్లదు గనుక, అది తేలేవరకు పైసా ఇవ్వనక్కరలేదని కాంట్రాక్టరుగారి వకీలు వాదన. ఈలోగా ఆ ఇంటి ఇల్లాలు నాలుగిళ్ళలో పాచిపనికి వెళ్తోంది. పెద్దపిల్ల పదో తరగతి మానేసింది.

కాంట్రాక్టరుగారు చెడ్డవారు కారు. వారు నన్ను అడిగింది ఇది: "ఫాదర్‌గారూ, ఇప్పుడు ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా? రేపు కేసు నేను గెలిస్తే ఆ డబ్బు తిరిగి వస్తుందా?" న్యాయమైన ప్రశ్నే. తోసివేయకుండా ఆలోచిద్దాం.

ఈ కేసుకు వర్తించే నష్టపరిహార చట్టం 1923 నాటిది. ప్రమాదం జరిగిన రెండేళ్ళలోగా క్లెయిము వేయాలని అది చెబుతుంది. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారాన్ని కమిషనరుకు ఇస్తుంది. ప్రమాదం సంగతి యజమానికి అప్పుడే తెలిసి ఉంటే, నోటీసు ఇవ్వలేదన్న లోపం అడ్డు రాదంటుంది. అడిగినంత బాధ్యతను యజమాని ఒప్పుకోకపోతే, తాను ఒప్పుకున్న మేరకైనా తాత్కాలికంగా చెల్లించి తీరాలంటుంది. నెల దాటితే 12 శాతం వడ్డీ. ఆలస్యానికి సరైన సమాధానం లేకపోతే పరిహారంలో సగం వరకు అదనం. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతిలో ఈ చట్టం కలిసిపోయింది గాని, తాత్కాలిక చెల్లింపు నియమం అందులోనూ నిలిచింది.

అయితే ఒక్క మాట గమనించండి. "ఒప్పుకున్న మేరకు" అన్నారు. ఏమీ ఒప్పుకోనివాడు ఏమీ ఇవ్వనక్కరలేదన్న మాట! "ఆలస్యం" అనే ఒక్క అభ్యంతరంతో మొత్తం బాధ్యతను కాదంటే, తీర్పు వచ్చేదాకా ఆ కుటుంబానికి దక్కేది సున్నా. చట్టం ఆగిన ఈ చోటనే మనస్సాక్షి పని మొదలవుతుంది.

గడువు అనవసరమని నేను అనను. కాలం గడిచేకొద్దీ సాక్షులు చెదిరిపోతారు, కాగితాలు పోతాయి, దొంగ క్లెయిములకు దారి ఏర్పడుతుంది. గడువు నిజాన్ని కాపాడటానికి పెట్టిన కంచె. కాని ఇక్కడ నిజం మరుగున పడిందా? పడినవాడిని ఆసుపత్రికి మోసుకెళ్ళినవారే ఆ ప్రమాదానికి మొదటి సాక్షి. ఆగమన్నదీ వారే. తన మాట వల్ల కలిగిన ఆలస్యాన్ని తానే ఆయుధం చేసుకోవడం న్యాయమా?

దాచిపెట్టమని ఇచ్చిన కత్తిని అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలన్నది నియమం. కాని అడిగేవాడు మతి తప్పి ఉంటే ఇవ్వడమే కీడని పునీత అక్వినాసు తోమాసుగారు బోధించారు. నియమం అన్ని సందర్భాలనూ ముందుగా చూడలేదు. అక్షరాన్ని పట్టుకొని నియమం ఉద్దేశాన్ని చంపకూడదని ఆయన భావం. ఆయనకు ముందే అరిస్టాటిలు ఈ మాట చెప్పాడు.

ఇక కాంట్రాక్టరుగారి భయం. రెండు పొరపాట్లను పక్కపక్కన పెట్టి చూడండి. ఇవ్వకూడని డబ్బు ఇస్తే కొంత సొమ్ము నష్టం. తిరిగి రాకపోవచ్చు కూడా. అయినా మరో పనిలో పూడ్చుకోగలరు. ఇవ్వవలసిన డబ్బు ఆపితే పోయేది వైద్యం అందవలసిన కాలం, ఆ పిల్ల చదువు. తీర్పుతో పాటు వడ్డీ వస్తుంది గాని పదో తరగతి తిరిగి రాదు. నిజం తేలేవరకు మోయవలసిన బరువును మోయగలవాడి భుజం మీద పెట్టడమే న్యాయం.

"తప్పు ఒప్పుకున్నట్టే కదా?" అన్న మాటకు వస్తే, ఈ పరిహారానికి యజమాని తప్పు రుజువు కానక్కరలేదు. పని వల్ల, పనిలో ఉండగా దెబ్బ తగిలితే చాలు; మినహాయింపులు కొద్ది. సినిమాహాలులో అలంకరణ పని చేస్తూ పడి చేయి పోగొట్టుకున్న ఒక వడ్రంగి కేసులో, దెబ్బ తగిలిన క్షణం నుంచే యజమాని బాధ్యుడని 1975లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక ఇది తప్పుకు వేసే జరిమానా కాదు. పనిలో పుట్టిన అప్పు. అప్పు తీర్చినవాడిని దోషి అని ఎవరంటారు?

పనివారి కుటుంబాలకు ఒక మాట. యజమాని మంచివాడైనా ప్రమాదం సంగతి వెంటనే కాగితం మీద పెట్టి ఇవ్వండి. ఆసుపత్రి చీటీలు దాచుకోండి. రెండేళ్ళ గడువు మరువకండి. దరఖాస్తు వేయడం కృతఘ్నత కాదు, తగాదా అంతకన్నా కాదు. పని చేయించేవారికి ఒక మాట. "నేను చూసుకుంటాను" అని అంటే చివరిదాకా చూసుకోండి. అది చేతకాకపోతే, వెళ్ళి దరఖాస్తు వేసుకోమని ఆ రోజే చెప్పండి.

ఇదంతా కాంట్రాక్టరుగారితో చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ పిల్లకు పరీక్ష ఫీజు కట్టే తేదీ ఇంకా ఉందా ఫాదర్‌గారూ?" అని అడిగారు. కేసు ఇంకా నడుస్తోంది. ఆ ప్రశ్నకు మాత్రం కోర్టు తీర్పు అక్కరలేదు.