ఉత్తరము చదివిపెట్టువాడు

మా నాయనగారు షోలాపురమున ఒక మిల్లులో మగ్గము నడిపిరి. నాలుగక్షరములు నేర్చినవారగుటచే సాయంకాలములందు మా వాడలోని వారికి ఉత్తరములు చదివిపెట్టెడివారు. కరీంనగరము నుండియు, నల్లగొండ నుండియు వచ్చు తెలుగు ఉత్తరములను ఈ ఊరి పోస్టుమేను చదువలేడు. కనుక చదువురాని తల్లులు కవరు చింపకయే మా గడపకు తెచ్చెడివారు. అప్పు, కాన్పు, అల్లుని అలుక, అన్నియు నాయనగారి కంటబడెడివి. ఆయన మెల్లని గొంతుతో చదివి, ఉత్తరమును మడిచి చేతికిచ్చెడివారు. మరునాడు ఆ తల్లి కుళాయికడ ఎదురైనను ఆ ప్రసక్తి తెచ్చువారు కారు. మా అమ్మ అడిగినను చెప్పువారు కారు.

నేడు మన ఇండ్లలో ఆ పని చేయునది బ్రౌజరు. సెల్‌ఫోనులో ఏ పుట తెరచినను, ఏ సందేహము వెదకినను చాలవరకు దాని చేతిమీదుగనే జరుగును. మన ప్రశ్నను మోసికొనిపోవును, జవాబును తెచ్చి చూపును. ఇట్టి పనివాడు మన మాటను మరియొకరి చెవిని వేయునా వేయడా అని విచారింపకయే ఇంటిలో పెట్టుకొంటిమి. ఫోనుతో పాటు వచ్చినాడు, జీతమడుగలేదు. అంతియే మా విచారణ.

రెండేండ్ల క్రిందట మా ఇంటివారొకరు మా ఫోను తీసికొని తమ ఆరోగ్యమును గూర్చి ఏదో వెదకిరి. ఎవరో, ఏ సంగతియో వ్రాయము. వ్రాసితిమేని ఈ వ్యాసము వ్రాయు అర్హత మాకుండదు. మరునాడు మేము పంచాంగము చూడబోగా, వార్తలు చూడబోగా, ప్రతి పుట అంచునను ఆ చికిత్సను గూర్చిన ప్రకటనలే. వారు మాకు చెప్పదలచుకొనని మాటను ప్రకటన చెప్పినది. మేము ముప్పదియైదేండ్లు గుమాస్తాగిరి చేసి, లక్కముద్ర వేసిన రహస్యపు కవర్లను ముద్ర చెదరకుండ అధికారులకు చేర్చినవారము. ఆ దినమున ఇతరుల కవరు చించి చదివినవారివలె సిగ్గుపడితిమి.

ఈ మాట ఎత్తినప్పుడెల్ల మిత్రులు, "తప్పు చేయనివానికి దాపరికమేల?" అని అడుగుచుందురు. మా గడపకు వచ్చిన ఆ తల్లులు ఏ తప్పు చేసిరి? అప్పుపడుట తప్పా, కాన్పు కష్టమగుట తప్పా? తన సంగతిని ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు చెప్పవలెనో నిర్ణయించుకొనుట మనిషికి ఉన్న గౌరవములలో ఒకటి. కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా పనిచేసి విశ్రమించిన కె.యస్. పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యములో, 2017 ఆగస్టు 24వ తేదీన సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. అది ప్రధానముగా ప్రభుత్వమునకు గిరిగీసిన తీర్పు. మన ఫోనులో కూర్చుండి చదువువాడు వర్తకుడు.

ఆ చదువుట ఎట్లనగా, 1994లో కుకీ అను చిన్న చీటీ పుట్టినది. మనము మరల వచ్చినప్పుడు గుర్తుపట్టుటకు అంగడి మన బ్రౌజరులో దాచు చీటీ అది. అంతవరకు దోషము లేదు. కాని వంద అంగళ్లలో ఒకే ప్రకటనల వ్యాపారి బల్ల వేసికొని అన్నిటను తన చీటీనే చూచుకొన్నచో, మన తిరుగుడంతయు అతని పద్దులో చేరును. ఏ బ్రౌజరు మంచిదని అడుగుటకు ముందు, దానికి కూడు పెట్టువారెవరని అడుగుట మేలని మాకు తోచినది.

క్రోమ్ గూగులువారిది; వారి రాబడిలో అధికభాగము ప్రకటనలదే. పరుల చీటీలను రెండేండ్లలో ఆపెదమని 2020లో చెప్పి, 2024 జూలైలో ఆ సంకల్పమును విడిచిరి. అందులోని "అజ్ఞాత" కిటికీ మన ఫోనులో చరిత్రను మిగల్చదు. బయటివారు చూడకుండ ఆపదు. దీనిపై అమెరికాలో 2020లో వ్యాజ్యము పడగా, కోట్లకొలది పద్దులను చెరిపివేయుదుమని 2024లో రాజీపడిరి. ఆపిల్ వారి సఫారి 2020 నుండి పరుల చీటీలను పూర్తిగా త్రోసిపుచ్చుచున్నది. అది వారి పరికరములు కొన్నవారికే. బ్రేవ్ ప్రకటనలను మొదటినుండియే అడ్డగించును. అయినను 2020లో, కొన్ని చిరునామాలు టైపు చేయువారికి తెలియకుండ తన కమిషను గుర్తును చేర్చుచు పట్టుబడి, క్షమాపణ చెప్పుకొన్నది. ఫైర్‌ఫాక్స్ లాభాపేక్ష లేని మొజిల్లా ఫౌండేషన్ వారిది. 2022 నుండి ఒక్కొక్క అంగడి చీటీని వేరువేరు జాడీలలో బంధించుచున్నది. వారి రాబడిలోను అధికభాగము గూగులునుండియే వచ్చుచున్నది. మీ వివరములను ఎన్నడును అమ్మమను మాటను 2025 ఫిబ్రవరిలో వారు తమ ప్రశ్నోత్తరములనుండి తీసివేసిరి. కొన్ని చట్టములలో "అమ్మకము" అను పదమునకు అర్థము విస్తారమగుటయే కారణమనిరి. గుమాస్తాకు ఇట్టి సంజాయిషీలు కొత్త కావు. మచ్చలేనివాడు దొరకడని తెలిసికొని, ఉన్నవారిలో ఫైర్‌ఫాక్స్‌ను మా ఫోనులో పెట్టుకొంటిమి.

ఇంతటితో తీరినదనుకొనగా, పూనాలో చదువుచున్న మా మనుమరాలు సెలవులకు వచ్చి కొత్త చిక్కు తెచ్చినది. చీటీ లేకున్నను మనలను పోల్చవచ్చునట: తెర కొలత, అక్షరముల తీరు, గడియారపు మండలము, కోరిన భాష, ఇవి కలిసి వేలిముద్ర అగును. 2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారు పరీక్షించిన బ్రౌజర్లలో నూటికి 83కు పైగా మరియొకదానితో పోలిక లేనివిగా తేలినవి. "తాతా, షోలాపూరులో తెలుగును మొదటి భాషగా కోరే ఫోనులు ఎన్ని ఉంటాయి? అదే నీ గుర్తు" అనినది.

మూడు తరములుగా ఇంటిలో కాపాడుకొన్న భాషయే మమ్ము పట్టిచ్చునట! ఈ మాటకు మేము చాలసేపు పలుకలేకపోతిమి. టోర్ అను బ్రౌజరు మూడు మజిలీలుగా త్రిప్పి పంపి మన చిరునామాను మరుగుపరచును; వాడువారందరును ఒక్కతీరున కనబడవలెనని దాని యత్నము. అది నెమ్మది, కొన్ని పుటలు తెరచుకొనవు. దాని భాషల పట్టికలో తెలుగును చేర్పబోగా, అధిక గోప్యతకై ఇంగ్లీషు పుటలనే కోరుమని ఒక గడి కనబడినది. గుంపులో కలిసినవానిని గుర్తుపట్టలేరు, నిజమే. కాని గుంపు మాటాడునది మన మాట కాదు. ఈ ఊరిలో బడులలోను, బజారులలోను ఇదే బేరమును మనవారు ఎన్నిసార్లు చేసికొనలేదు?

మా ఫోనులో తెలుగును తీయలేదు. మాకు ఇప్పుడు దాచవలసినది స్వల్పము. గుర్తుపట్టిన పట్టనిండని ఊరకుంటిమి. అట్లని మా తెగింపును ఇతరుల రహస్యముపై రుద్దుట న్యాయము కాదు. మనుమరాలు తన కంప్యూటరులో ఆ గడిని నింపి, దానిని ఇంటనే ఉంచి పోయినది. నాడు మా ఫోనులో వెదకిన ఇంటివారు ఇప్పుడు దానిలో వెదకుకొనుచున్నారు. ఏమి వెదకుచున్నారో మాకు తెలియదు.