పొగలేని నిప్పు ఉంటుందా?

మోకాళ్ల నొప్పితో వెళ్లినవాళ్లకు డాక్టరు ఎక్స్‌రే చూసి తరచూ చెప్పే మాట: ‘గుజ్జు అరిగిపోయింది’. వాడకం వల్ల అరిగిందనుకుంటారు చాలామంది. అది సగం కథే. ఆ గుజ్జును, అంటే మృదులాస్థిని, కాపాడాల్సిన కాండ్రోసైట్ కణాలే దానికి హాని చేసే పదార్థాలనూ పుట్టిస్తాయి.

ఈ కణానిది దాదాపు సన్యాసి బతుకు. చుట్టూ రక్తనాళాల్లేవు, నరాల్లేవు. కీలు ద్రవంలోంచి ఊరి వచ్చే పోషకాలతోనే సరిపెట్టుకుంటుంది. ఆక్సిజన్ తక్కువ గనక, గ్లూకోజ్‌ను ఎక్కువగా ఆక్సిజన్ ప్రమేయం లేకుండానే విడగొట్టుకుంటుంది. ఇంత పొదుపుగా బతికినా మైటోకాండ్రియాలోనూ, పొరల్లోని నాక్స్ ఎంజైముల దగ్గరా సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్, అంటే చురుకైన ఆక్సిజన్ రూపం, పుడుతూనే ఉంటుంది. దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. సూపరాక్సైడే నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిస్తే మరీ కరుకైన పెరాక్సీనైట్రైట్ తయారవుతుంది. కీలు వాచి, ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి సంకేతాలు అందాయంటే ఈ ఉత్పత్తి పెరుగుతుంది. కొల్లాజెన్‌ను కోసే ఎంజైములూ తోడవుతాయి. పోయిన కొల్లాజెన్ పెద్దవాళ్లలో దాదాపు తిరిగి రాదు. అణుబాంబు పరీక్షలు గాలిలోకి వదిలిన కార్బన్-14 ఆధారంగా 2016లో తేలిన సంగతి ఇది.

బతకడానికి చేసే పనిలోంచే హానీ పుట్టే ఈ చిక్కు పాతదే. నిప్పును పొగ కమ్మినట్టు ప్రతి కర్మనూ దోషం కమ్మే ఉంటుందనీ, అందుకని సహజకర్మను వదలొద్దనీ గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడంటాడు. జైన మునులు అదే చిక్కుకు వేరే దారి పట్టారు: హింస తగ్గాలంటే కదలికనూ తిండినీ కూడా వీలైనంత తగ్గించుకోవాలన్నారు. కణానికి మతం అంటగట్టడం అతే గానీ, అంత తక్కువతో బతికే కాండ్రోసైట్ కూడా పొగను తప్పించుకోలేకపోయింది.

మరి పొగను పూర్తిగా తుడిచేస్తే? ముసలితనానికి ఫ్రీ రాడికల్సే మూలమని 1956లో డెన్హామ్ హార్మన్ ప్రతిపాదించాక, వాటిని అణచే యాంటీఆక్సిడెంట్ మాత్రల మీద ఆశలు పెరిగాయి. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్లపై జరిపిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి: బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగింది. పైగా ఒంటికి ఆ పొగ అవసరమూ ఉంది. తెల్ల రక్తకణాలు సూపరాక్సైడ్ తయారుచేయలేని పుట్టుజబ్బు ఒకటుంది; ఆ పిల్లలను బ్యాక్టీరియా, బూజు పదేపదే పీడిస్తాయి. కాండ్రోసైట్‌లోనూ కొద్ది మోతాదు సూపరాక్సైడ్, పెరాక్సైడ్ సంకేతాలుగా పనికొస్తాయి.

అలాగని, దోషం తప్పదన్న మాటను ప్రతి తప్పుకీ సాకుగా వాడుకునేవాళ్ల వాదన నిలవదు. పొగ తప్పకపోయినా దాన్ని అదుపులో పెట్టే ఏర్పాటు కణంలోనే ఉంది. సూపరాక్సైడ్‌ను పట్టి విరిచే డిస్‌మ్యుటేజ్ ఎంజైమును 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ వెల్లడించారు. కాండ్రోసైట్ కూడా దాన్ని తయారుచేసుకుంటుంది. ఆస్టియో ఆర్థరైటిస్ వచ్చిన మృదులాస్థిలో ఆ ఎంజైము తగ్గిపోయి కనిపిస్తుంది.