డీకోడరుకు తన తప్పు తెలుస్తుందా?

మనకు కలిగిన జ్ఞానం సరైనదేనని ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న మీద మన దర్శనాలు వందల ఏళ్లు వాదించుకున్నాయి. జ్ఞానం పుడుతూనే ప్రమాణమని, దాన్ని కొట్టేసే మరో జ్ఞానం వస్తేనో, పుట్టిన చోట దోషం కనబడితేనో తప్ప శంకించనక్కర్లేదని 7వ శతాబ్దపు మీమాంసకుడు కుమారిల భట్టు శ్లోకవార్తికంలో వాదించాడు. ఇది స్వతఃప్రామాణ్యం. న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులు ఒప్పుకోలేదు. దూరాన మెరిసింది నీళ్లేనని తేలేది దగ్గరికెళ్లి దాహం తీర్చుకున్నాకే కాబట్టి, ప్రామాణ్యం బయటి నుంచే రావాలన్నారు. ఆంధ్రదేశపు అన్నంభట్టు కూడా తన తర్కసంగ్రహానికి తానే రాసిన దీపికలో ఈ వాదాన్ని చర్చించాడు.

ఇదే ప్రశ్న ఇవాళ ప్రతి సెల్‌ఫోన్ లోపలా ఉంది: దారిలో చెడిన బిట్లను సరిచేసే డీకోడరుకు, తాను తేల్చింది సరైనదేనని ఎలా తెలుస్తుంది?

బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన తప్పులు దిద్దే కోడ్‌నే తీసుకుందాం. నాలుగు బిట్ల సందేశానికి మూడు పరీక్ష బిట్లు చేర్చి ఏడు చేస్తారు. ఏడు బిట్లతో 128 వరసలు వస్తాయి. వాటిలో చెల్లేవి 16. చెల్లే ప్రతి వరసా తనకు ఒక్క బిట్ తేడాలో ఉన్న ఏడింటినీ తన కిందికి తెచ్చుకుంటుంది. పదహారు ఎనిమిదులు నూట ఇరవై ఎనిమిది: ఎవరికీ చెందని వరస ఒక్కటీ మిగలదు. అందుకే ఒక బిట్ చెడితే డీకోడర్ కచ్చితంగా సరిచేస్తుంది. రెండు చెడితే, అంతే నిశ్చయంగా తప్పు సందేశాన్ని అప్పజెబుతుంది. ఈ రెండు సందర్భాలకూ తేడా దాని లోపల ఎక్కడా కనబడదు.

మరి ఇలాంటి కోడ్ పనితనం తేల్చేదెలా? సిమ్యులేషన్‌తో. కంప్యూటర్ తోచిన బిట్లు పుట్టించి, కోడ్ చేసి, బిట్లను చెడగొట్టే నాయిస్ కలిపి డీకోడరుకు ఇస్తుంది. వచ్చినదాన్ని పంపినదానితో పోల్చి తప్పులు లెక్కపెడుతుంది. పంపిందేమిటో తెలిసిన సాక్షి ఇక్కడ ఉన్నాడు. టవరుకూ ఫోనుకూ మధ్య అలాంటి సాక్షి లేడు. అక్కడ సీఆర్‌సీ అనే అదనపు పరీక్ష తప్పు దాటిపోయే అవకాశాన్ని బాగా తగ్గిస్తుంది కానీ, పూర్తిగా తుడిచెయ్యదు.

నైయాయికుడు కోరిన బయటి పరీక్ష దొరికినట్టే ఉంది. కానీ ఆ పరీక్షను పరీక్షించేదెవరని మీమాంసకుడు అడుగుతాడు. ఒకదానికొకటి సాక్ష్యం వెతుక్కుంటూ పోతే అనవస్థే. సిమ్యులేటరూ మనిషి రాసిన ప్రోగ్రామే. నాయిస్ మోతాదు కట్టేటప్పుడు కోడ్ రేటును, అంటే పంపే బిట్లలో అసలు సందేశం వంతును, లెక్కలోకి తీసుకోవడం మరిచిపోతే, తప్పుల గ్రాఫు నున్నగానే వస్తుంది. కాకపోతే మొత్తంగా పక్కకు జరిగి ఉంటుంది.

వేదానికి కర్త లేడు కనుక కర్తృదోషానికి అక్కడ చోటే లేదన్నది కుమారిలుడి వాదం. సాఫ్ట్‌వేర్ అలా కాదు, పూర్తిగా పౌరుషేయం, అంటే మనిషి చేసింది. దోషం ఉండవచ్చునని ముందే ఒప్పుకుని, వెతికే దారి తెరిచి ఉంచాలి. స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఐటీ ప్లస్ ప్లస్, ఫ్రాన్స్‌లోని బోర్డోలో పరిశోధకులు రూపొందించిన అఫెక్ట్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లు చేసింది అదే: టర్బో, ఎల్‌డీపీసీ వంటి కోడ్‌లను పరీక్షించే తమ సోర్స్‌ను అందరి ముందూ పెట్టాయి. మూసిపెట్టిన ప్రోగ్రాములో దోషం కనబడలేదంటే దోషం లేదని అర్థం కాదు, చూసే వీలు లేదనే. కారణదోషం కనబడనంత వరకే నమ్మమన్న మీమాంసకుడి షరతు అక్కడ నెరవేరదు. తెరిచిన సోర్స్ అనవస్థను అంతం చెయ్యదు. కానీ ఇద్దరు పరిశోధకుల గ్రాఫులు కలవనప్పుడు, అవే బిట్లు, అదే నాయిస్ మళ్లీ పుట్టేలా ఒకే సీడ్‌తో నడిపి, రెండు లెక్కలూ విడిపోయిన వాక్యం దాకా వెళ్లి చూసే అధికారం ఇద్దరికీ ఉంటుంది.