మత్తులో చేసిన పని ఎవరిది?

త్రాగివచ్చినవాడు ఇంటిలో చేయి చేసుకొన్నప్పుడు పెద్దలు తరచుగా పలుకు మాట యొకటి కలదు: "పాపము, వాడు మంచివాడే, మత్తు వానిచేత ఆ పని చేయించినది." అదే యింట ఒక స్త్రీ ఒక గ్రుక్క పుచ్చుకొన్నదని తెలిసినచో ఆ పెద్దలే మత్తును నిందింపరు. "దాని బుద్ధియే అంత" అందురు. ఒకే ద్రవము పురుషుని కడుపులో పడినప్పుడు తప్పును తగ్గించుచున్నది, స్త్రీ కడుపులో పడినప్పుడు తప్పును పెంచుచున్నది. ఈ రెండు తీర్పులును ఒకే నోట వెలువడుట వింత. మైకములో చేసిన పనికి కర్త ఎవడు అనునది మలేసియా తోటలలో పుట్టి పెరిగిన తెలుగు కుటుంబములకు గ్రంథములలోని ప్రశ్న కాదు. తరతరములుగా జీతపు రాత్రి గడపదగ్గర నిలిచిన ప్రశ్న.

ఆదిపర్వములోని కచుని కథ నన్నయభట్టు కాలమునుండి తెలుగువారికి సుపరిచితము. మృతసంజీవని నేర్వవచ్చిన కచుని అసురులు చంపి, దహించి, ఆ భస్మమును సురలో కలిపి గురువైన శుక్రాచార్యునిచేత త్రాగించిరి. శుక్రుడు ఎరుగక త్రాగెను. ఎరుగక చేసినవానికి దోషమేమి యని తప్పించుకొనుటకు ఆయనకు చక్కని సాకు కలదు. మోసము చేసినవారు ఎదుటనే ఉన్నారు. అయినను ఆయన నిందను అసురులమీదనే మోపి ఊరకుండక, సురాపానమును పాతకముగా విధించెను. పాత్రను పెదవికి ఎత్తిన చేయి తనదే యని గురువు గ్రహించుటయే ఆ కథలోని బరువైన ఘట్టము. కచుడు బ్రదికివచ్చిన సంతోషములో వినువారు దానిని దాటిపోవుదురు.

గ్రీకుదేశమున మిటిలీనీ నగరమునకు శాసనకర్తయైన పిట్టకసు, మైకములో చేసిన నేరమునకు మామూలు శిక్షకంటె హెచ్చు శిక్ష విధించెనని అరిస్టాటిల్ వ్రాసెను. త్రాగినవానికి వివేకము ఉండదు గదా, దయ చూపవలదా యని అడుగువారికి ఆ తత్త్వవేత్త చెప్పు సమాధానము సూటియైనది: మైకమునకు మూలము ఆ మనుష్యునిలోనే యున్నది, త్రాగకుండుట అతని చేతిలోని పనియే. అనగా విచారణ జరుగవలసినది పదవ గ్లాసునుగూర్చి కాదు, మొదటి గ్లాసునుగూర్చి.

ఆధునిక రహదారి చట్టము ఈ తర్కముమీదనే నిలిచినది. పూర్వము ఒకడు త్రాగియున్నాడా లేదా యనునది అతని నడకను, మాట తడబాటును చూచి నిర్ణయించుచుండిరి. బ్రిటనులో 1967 నాటి చట్టము ఆ పద్ధతిని మార్చి, 100 మిల్లీలీటర్ల రక్తమునకు 80 మిల్లీగ్రాముల ఆల్కహాలు అను హద్దును ఏర్పరచెను. మలేసియాలోను, 1987 నాటి రహదారి రవాణా చట్టము క్రింద, చిరకాలము 80 యే హద్దుగా ఉండెను. 2020లో త్రాగి వాహనములు నడిపినవారివలన వరుసగా ప్రాణనష్టము జరుగగా ప్రజలలో ఆగ్రహము చెలరేగి, ఆ చట్టము సవరింపబడినది. అక్టోబరు 23 నుండి రక్తములోని హద్దు 50 మిల్లీగ్రాములకును, శ్వాసపరీక్షలోని హద్దు 100 మిల్లీలీటర్ల శ్వాసకు 35 మైక్రోగ్రాములనుండి 22 కును తగ్గెను. త్రాగి నడిపి ఒకరి మరణమునకు కారకుడైనవానికి 10 మొదలు 15 సంవత్సరముల చెరసాల, 50 వేలనుండి లక్ష రింగిట్లవరకు జరిమానా, ఆపైన కనీసము 10 సంవత్సరములు వాహనము నడుపు అర్హత లేకుండుట నిర్ణయింపబడెను.

శిక్షల పెద్దరికము పత్రికలలో విశేషముగా చర్చకు వచ్చినది. అంతకంటె గంభీరమైన విషయము ఆ చిన్న సంఖ్యలలో దాగియున్నది. తోటలలో మగతనమునకు ఒక కొలత ఉండెను: ఎంత త్రాగినను తడబడనివాడే మగవాడు. నాలుగు సీసాలు పూర్తిచేసి మోటారు సైకిలుమీద ముగ్గురిని ఎక్కించుకొని ఇల్లు చేరినవాని కథ మరునాడు మెచ్చుకోలుగా చెప్పుకొనబడెడిది. శ్వాసపరీక్ష ఆ కొలతను మన్నింపదు. అలవాటుపడినవాడు తడబడకపోవచ్చును గాని, రక్తములోని ఆల్కహాలు అలవాటువలన తగ్గదు. తడబడనివాడును దోషియే. అట్లే, ఒకే బరువుగల స్త్రీపురుషులు ఒకే పరిమాణము పుచ్చుకొన్నప్పుడు, శరీరములో నీటిపాలు తక్కువగుటచే సాధారణముగా స్త్రీ రక్తములో ఆల్కహాలు హెచ్చుగా కనబడును. చట్టము దీనిని లెక్కించి స్త్రీకి వేరు హద్దు పెట్టలేదు. పురుషునికి వేరు గౌరవమును పెట్టలేదు. లోకము మగవానికి ఒకటి, ఆడుదానికి ఒకటిగా ఉంచుకొన్న రెండు తక్కెడలను తీసివేసి, చట్టము ఒకే తక్కెడను ఉంచెను.

నీటిమీద మాత్రము ఈ తక్కెడ ఇంకను కుదురుకొనలేదు. పేరాక్ నదీముఖమున ఉన్న బాగన్ డాతో వంటి చోట్ల పడవయు ఒక వాహనమే. ఓడలలో పనిచేయు అధికారులకు 2010లో మనీలాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందము 0.05 శాతపు హద్దును విధించెను. కాని విలాసముగా పడవ నడపువాని విషయమున దేశములు వెనుకాడినవి. లండనులో 1989 ఆగస్టున థేమ్సు నదిలో ఇసుక త్రవ్వు ఓడ తాకి మార్కియోనెస్ అను విహారనౌక మునిగి 51 మంది మరణించిరి. ఆ ఓడ నడిపినవాడు అంతకుముందు త్రాగిన బీరు విచారణలలో చర్చకు వచ్చెను. 2003లో అచ్చట చట్టము వచ్చినప్పుడు వృత్తిగా నావ నడపువారికి హద్దు ఏర్పడినది గాని, విహారమునకై నడపువారికి సంబంధించిన భాగము వెంటనే అమలులోనికి రాలేదు. పనిలో ఉన్నవాడు జవాబుదారి, సరదాలో ఉన్నవానిని వదలివేయవచ్చును అను భావము ఇందు కనబడుచున్నది. సరదాలో ఉన్నవాడు ముంచినను నీరు నీరే గదా!

మొదటి గ్లాసు త్రాగినవానిదే బాధ్యత అన్నప్పుడు, ఆ గ్లాసును అతని దగ్గరకు తెచ్చినవారి మాటయు ఎత్తవలసియుండును. తెలుగు కూలీలు పనిచేసిన కొబ్బరి తోటలలో కల్లు చెట్టుననే ఉండెను. రబ్బరు తోటలలో దుకాణముగా వెలసెను. పనిచేయు చోటికి, ఇంటి వరుసకు నడుమనే దుకాణము. సారాకంటె కల్లు మేలని, కూలీకి అది బలమని ప్రభుత్వమువారు, దొరలు వాదించుచుండిరి. దుకాణపు ఆదాయములో కొంత కూలీల సంక్షేమమునకే వెచ్చింపబడుచుండెను. కూలీ త్రాగిన డబ్బు కూలీ మేలుకొరకే తిరిగివచ్చునను ఈ ఏర్పాటు పైకి ధర్మముగానే కనబడును. 1920ల చివర ప్రధాన ప్రాంతములలో నిర్ణయించిన ప్రామాణిక వేతనము పురుషునికి రోజుకు 50 సెంట్లు, స్త్రీకి 40. ఆ 50 సెంట్లలో దుకాణమునకు పోయినది పోగా, అనేక గృహములు నిలిచినది తక్కువగా లెక్కింపబడిన ఆ 40 సెంట్లమీద.

కూలీలు ఈ సంగతి ఎరుగనివారు కారు. 1941లో క్లాంగు ప్రాంతపు రబ్బరు తోటలలో సమ్మె జరిగినప్పుడు వేతనముల పెంపుతోపాటు కల్లు దుకాణములు మూయవలెననియు, తోటల స్త్రీలపట్ల దొరలును వారి క్రింది అధికారులును చేయు దౌర్జన్యము ఆగవలెననియు, దొర ఎదురైనప్పుడు సైకిలు దిగవలసిన నిర్బంధము పోవలెననియు కోరిరి. ఒకే పత్రములో ఈ కోరికలు కూడివచ్చుట కాకతాళీయము కాదు. కల్లు, స్త్రీ అవమానము, పురుషుని తలవంపు ఒకే ముడిలోని మూడు దారములని ఆ చదువులేని కూలీలకు తోచినది. సైన్యమును దించి సమ్మెను అణచిరి. కాల్పులలో కూలీలు మరణించిరి. 1947లో కెడా రాష్ట్రమున బెడోంగు ప్రాంతములో, కల్లు దుకాణములకు ఎదురు నిలిచిన తొండర్ పడై అను స్వచ్ఛంద దళమువారికిని పోలీసులకును సంఘర్షణ జరిగి మరల ప్రాణము పోయినది. దొర ముందు సైకిలు దిగినవాడు సాయంకాలము దుకాణములో మీసము మెలివేసి, రాత్రి ఇంటిలో దొర అయ్యెడివాడు. ఇది అతని దుఃఖమును తెలుపును. అతని భార్య వీపుమీది దెబ్బకు మాత్రము ఇది సమాధానము కాజాలదు.

నేడు తోటలు చెదరిపోయినవి. దుకాణము స్థానమున ప్రకటన నిలిచినది. మద్యప్రకటన అమ్మునది పానీయమును కాదు, దానిని త్రాగువాని రూపమును. గిన్నెస్ వారి 1934 నాటి ప్రసిద్ధ చిత్రములో ఒక కూలివాడు పెద్ద ఇనుప దూలమును తలపై మోయుచు నడచును. త్రాగినవానికి అంత బలము వచ్చునని భావము. ఆ నల్లని బీరునే మలయాదేశమున ప్రసవించిన స్త్రీకి సత్తువ నిచ్చునదని నమ్మి త్రాగించినవారును ఉండిరి. మగవానికి బరువు మోయుటకు, ఆడుదానికి బిడ్డను కని లేచుటకు! ఒక్క సీసాతో ఇరువురికిని వారి వారి స్థానము చూపబడినది. మలేసియాలో రేడియో, టెలివిజనులలో మద్యప్రకటనలకు తావు లేదు. 2017 డిసెంబరునుండి మద్యము కొనుటకు 21 ఏండ్లు నిండియుండవలెను, సీసాపై హెచ్చరిక ఉండవలెను. అయినను భోజనశాలలలో బీరు సంస్థల తరఫున యువతులు బల్లబల్లకు తిరిగి, గ్లాసు నిండుగా ఉండునట్లు చూచుట ఎవరికిని కొత్త దృశ్యము కాదు. కొనువాడు పురుషుడు, నవ్వవలసినది స్త్రీ. ఆ నవ్వునకు ఆమె జీతము పుచ్చుకొనుచున్నది. ఆమెను నిందించి ప్రయోజనము లేదు.

చలనచిత్రముల మాటయు ఇంతే. 1953లో వచ్చిన దేవదాసు చిత్రమును చూచి కంటతడి పెట్టని తెలుగు ఇల్లు అరుదు. ప్రేమ విఫలమై త్రాగి నశించినవానిని లోకము గుండెకు హత్తుకొన్నది. పార్వతియు అంతే దుఃఖమును అనుభవించినది. ఆమె సంసారమును మోసినది. ఆమె త్రాగియుండినచో ఆ కన్నీరు కారియుండునా?

మైకమునకు మన్నింపు లేదని మొదట గట్టిగా పలికినవారు ధర్మశాస్త్రవేత్తలు కారు, దెబ్బలు తిన్నవారే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు, తమ వాచకములోని పాఠమొకటి చదివి అది తమ కథయే యని గ్రహించి, సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరు 1 న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సారాను నిషేధించునట్లు చేసెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము మాత్రము 1997లో సడలిపోయినది. ద్వారకలో మద్యము చేయరాదని చాటింపు వేసినను యాదవులు ప్రభాసతీర్థమునకు పోయి త్రాగి ఒకరినొకరు చంపుకొన్నట్లు మౌసలపర్వము చెప్పుచున్నది. నిషేధమునకు ఉన్న పరిమితి వ్యాసునకు తెలియనిది కాదు. దూబగుంట స్త్రీలు సాధించినది మూతపడిన దుకాణముకంటె పెద్దది: "మత్తు చేయించినది" అను మాటను అంగీకరింపమని వారు ఇంటిలోనే చెప్పిరి.

చట్టము ఇంతవరకు వచ్చినది. ఇల్లు ఇంకను రాలేదు. పెండ్లి విందు ముగిసిన రాత్రివేళ మందిరపు వెలుపలి దృశ్యము అందరును ఎరిగినదే. భోజనశాల వెనుక కారుల నడుమ మగవారు గుమిగూడి, సీసాలు ముగించి వత్తురు. భార్య పట్టుచీర సర్దుకొని, నిద్రించు బిడ్డను భుజాన వేసుకొని ఎదురుచూచుచుండును. ఆమె ఏమియు త్రాగలేదు. ఆ సమూహములో బండి నడుపుటకు అందరికంటె తగినది ఆమెయే. కాని, "ఆడుదానికి కారెందుకు" అని ఆమెకు ఎవరును నేర్పలేదు. భర్త త్రాగినాడని బంధువుల ఎదుట చెప్పుట అతనికి తలవంపని, చెప్పకుండుటయే ఇల్లాలి లక్షణమని ఆమె తల్లి నేర్పినది. బావమరది నవ్వుచు, "బావగారికి ఇది లెక్కలోనిది కాదు" అనును. ముందు సీటులో ఆమె, వెనుక పిల్లలు. పెద్ద కూతురు విశ్వవిద్యాలయములో చదువుచున్నది. ఆమె చేతిసంచిలో లైసెన్సు ఉన్నది. "నాన్నా, నేను నడిపెదను" అని చేయి చాచినది. తాళముచెవి ఇంకను తండ్రి జేబులోనే ఉన్నది.