‘నేను మాట్లాడకూడదండి’

2006 వేసవి. ఎంసెట్‌లో ర్యాంకైతే వచ్చింది గానీ, నలుగురికీ చెప్పుకునేంత కాదు. ఓ మధ్యాహ్నం ఒక ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్ బ్రోషర్ పట్టుకుని మా ఇంటికొచ్చారు. (సెలవుల్లో లెక్చరర్లని అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పడం మన దగ్గర కొత్తేం కాదు.) నాన్న అంతా విని, చివర్లో అడిగారు: "బైపాస్ అవతల ఇంకో కాలేజీ ఉంది కదండీ, అదెలా ఉంటుంది?"

ఆయన బ్రోషర్ మూసి, "వేరే కాలేజీల గురించి నేను మాట్లాడకూడదండి" అన్నారు.

ఆయన గేటు దాటగానే నాన్న తేల్చేశారు: "పెద్దమనిషి. చెడు చెప్పడం ఇష్టంలేక ఊరుకున్నాడు." అలా ఆయన కాలేజీలోనే చేరాను.

మూడో ఏడాదిలో తెలిసింది, ఆయన అంతకుముందు బైపాస్ అవతల కాలేజీలోనే పాఠాలు చెప్పేవారని. "ల్యాబులు అక్కడే నయం రా" అని టీ తాగుతూ ఆయనే అన్నారు. మరి ఆ రోజు చెప్పలేదేం సార్ అంటే, "నేనేమీ అబద్ధం చెప్పలేదుగా!"

నిజమే, చెప్పలేదు. అబద్ధమాడే హక్కు ఎవరికీ లేదని 1797లో ఓ వ్యాసమే రాసిన కాంట్ కూడా, తప్పించుకోలేని జవాబులో నిజం చెప్పి తీరాలన్నాడు. నోరు మెదపకుండా ఉండే వీలున్నప్పుడు ఆయనకి పేచీ లేదు. కాంట్ పరీక్షలో మా సారు పాసే.

కానీ మా నాన్నకి తెలిసింది పెళ్ళి సంబంధాల భాష. అబ్బాయి గురించి వాకబు చేస్తే పక్కింటివాళ్ళు ఎప్పుడైనా చెడు చెప్తారా? "మాకంత పరిచయం లేదండీ" అంటారు. అంతే, సంబంధం తప్పిపోతుంది. ఆ భాషలో మౌనం అంటే మర్యాదగా చెప్పిన చెడు. ఆ సంగతి సారుకీ తెలుసు, ఆయనా ఈ ఊళ్ళవాడే.

పోటీ కాలేజీని తిట్టకూడదన్న నియమం మంచిదే. లేకపోతే ప్రతి బ్రోషర్ వెనకా ఓ పుకారు మోసుకొస్తారు. సీట్లు నింపితేనే జీతం అన్న మనిషిని పక్క కాలేజీని పొగడమనడం కూడా నాకు న్యాయంగా అనిపించదు. నేను అడిగేది ఒక్క వాక్యం: "నేను చెప్పకపోవడానికి కారణం నా ఉద్యోగమండీ, ఆ కాలేజీలో లోపం కాదు." ఆపైన, ఓపికుంటే, ఎలా వాకబు చెయ్యాలో చెప్పొచ్చు. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానిది, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచిని బట్టి, కాబట్టి మీ అబ్బాయి చేరే బ్రాంచికి ఉందో లేదో అడగండి. పోయినేడు ఆఖరి సీటు ఏ ర్యాంకుకి వచ్చిందో చూడండి. ఇవి మా కాలేజీకీ వర్తిస్తాయి అని కూడా.

ఇదంతా రాసే అర్హత నాకుందా అంటే, ఆ మధ్య మా పూర్వ విద్యార్థుల గ్రూపులో, చేరబోయే పిల్లల తల్లిదండ్రులతో ఫోన్‌లో మాట్లాడమని నన్నూ అడిగారు. ఒకావిడ అదే ప్రశ్న వేశారు, అదే బైపాస్ అవతల కాలేజీ గురించి. "రెండూ మంచివేనండీ" అనేశాను. "సరే బాబూ, అయితే దగ్గరున్నదే పెడతాం" అన్నారావిడ. జీతం లేదు, టార్గెట్ లేదు, అయినా అలా అన్నాను.

మర్నాడు మళ్ళీ ఫోన్ చేశాను. నేను చదివి పదిహేనేళ్ళు దాటిందని, నా రోజుల్లో ల్యాబులు అక్కడే నయమని విన్నానని, ఇప్పటి సంగతి రెండు చోట్లా ఒకసారి వెళ్ళి చూసుకోమని చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నిన్ననే చెప్పుండాల్సింది బాబూ" అన్నారు. వెబ్ ఆప్షన్లకి ఇంకా రెండ్రోజుల గడువుంది. చివరికి ఏది పెట్టారో నేను అడగలేదు.