వదిలి వచ్చిన పొయ్యి

చైత్రమాసంలో చంద్రపూర్ మహాకాళి జాతరకు వెళ్ళినవారికి ఝర్పట్ నది ఒడ్డు గుర్తుండే ఉంటుంది. నాందేడ్ వైపు నుంచి, మన ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు ఆ చుట్టుపక్కలే దిగుతాయి. ఎండ అప్పటికే మండిపోతుంటుంది. ఓ ఇల్లాలు మూడు రాళ్ళు ఏరుకొస్తుంది. గిన్నె ఒరగకుండా ఒక రాయి కింద చిన్న పెంకు దోపుతుంది. పొయ్యికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని నిప్పు ముట్టిస్తుంది. అమ్మవారికి నైవేద్యం వండేది దాని మీదే. మర్నాడు మూటలు సర్దుకుని బయల్దేరేటప్పుడు ఆ రాళ్ళను ఎవరూ వెంట తీసుకుపోరు. మసి పట్టిన ఆ పొయ్యి దగ్గరే మరో కుటుంబం దిగుతుంది. మళ్ళీ పసుపు రాస్తుంది.

వైరాగ్యం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ పొయ్యే కళ్ళముందు మెదులుతుంది. వండుతున్నంతసేపూ పూజ చేసినంత శ్రద్ధ, లేచి వెళ్ళేటప్పుడు నాది అన్న మాటే లేకపోవడం. శ్రద్ధ ధర్మానిది, ఆ తేలికదనం వైరాగ్యానిది. రెండూ కలిసి ఉంటేనే నైవేద్యం.

మన పెద్దలు పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడు చెప్పి నవ్వేవారు. పురాణం వింటున్నంతసేపు సంసారం మిథ్య అనిపిస్తుంది. చెప్పులు దొరక్కపోతే ఆ మిథ్యలోనే కోపం వస్తుంది. పురిటి నొప్పుల్లో ఇక చాలనుకున్న తల్లే బిడ్డను చూసి అన్నీ మరచిపోతుంది. చితి ముందు ఏముంది జీవితంలో అన్నవాడు స్నానం చేసి ఇంటికొచ్చేసరికి గట్టు తగాదా గుర్తు తెచ్చుకుంటాడు. ఇవి సందర్భంతో పుట్టి సందర్భంతోనే పోయేవి. నిలిచే వైరాగ్యం వేరు. అది రోజూ చేసే పనిలోంచి పుట్టాలి.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో శ్రీకృష్ణుడు త్యాగాన్ని మూడు విధాలుగా విడదీశాడు. తన వంతు కర్తవ్యాన్ని మోహంతో వదిలేస్తే అది తామస త్యాగం. కష్టమని, ఒళ్ళు అలుస్తుందని వదిలేస్తే రాజసం. చేయవలసింది కనుక చేస్తూ, దాని మీద ఆసక్తినీ ఫలాన్నీ వదిలితే సాత్త్వికం. పని మానేసినవాడిని భగవానుడు ఎక్కడా త్యాగి అనలేదు.

ఈ మాటకు చంద్రపూర్‌లోనే ఒక నిదర్శనం ఉంది. 18వ శతాబ్దం తొలి ఏళ్ళలో ఈ నగరం గోండు రాజుల రాజధాని. రాజు బీర్‌షా హత్యకు గురయ్యాడు. రాణి హీరాయి ఆ దుఃఖంలో తలుపులు మూసుకుని కూర్చున్నా లోకం తప్పుపట్టేది కాదు. ఆమె భర్తకు సమాధి కట్టించింది. అంచలేశ్వర్ ఆలయం పక్కన, గోండు రాజుల సమాధుల నడుమ అది నేటికీ ఠీవిగా నిలబడి ఉంది. మహాకాళి గుడిని కట్టించిన పుణ్యమూ ఆమెదే. రామ్‌షా అనే బాలుణ్ణి దత్తత తీసుకుని, అతడు పెద్దవాడయ్యేదాకా అతని తరఫున రాజ్యభారం మోసింది.

ఒకరి తరఫున మోయడమంటే ఏమిటో కాస్త ఆలోచించండి. నిద్ర కాచేది తను, తప్పొప్పులు చూసేది తను, సింహాసనం మాత్రం మరొకరిది. ఇవాళ కాకపోతే రేపు అప్పగించి తీరాలి. అయినా పని తగ్గకూడదు. గీత చెప్పిన సాత్త్విక త్యాగం ఆ రాజప్రాసాదంలో ఇలా రోజువారీ కర్తవ్యమైంది. 1751లో ఆ రాజ్యం నాగపూర్ భోంస్లేల వశమైంది. కోటలు, కిరీటాలు చేతులు మారాయి. ఆమె కట్టించిన గుడికి జనం మాత్రం ఏటా వస్తూనే ఉన్నారు.

మనమూ ఒకరి తరఫున మోస్తున్నవాళ్ళమే. పిల్లలు మన దగ్గర పెరుగుతున్నారు, పొలం మన చేతిలో ఉంది, కుర్చీ కొన్నాళ్ళు మనకిచ్చారు. తాళపుచెవుల గుత్తి కోడలికిచ్చి, ఏ డబ్బా ఎక్కడుండాలో ఇంకా తనే చెప్పే అత్తగారు గుత్తి ఇచ్చింది కానీ వదల్లేదు. వదలడం ఒక్కరోజులో రాదు. చంచలమైన మనసును నిలపడానికి అభ్యాసం, వైరాగ్యం రెండూ కావాలని గీత, పతంజలి యోగసూత్రాలు ఒకే మాట చెప్పాయి. అభ్యాసం చిన్నవాటితోనే మొదలుపెట్టాలి. చేసిన సాయాన్ని ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఉండటం. ఇష్టమైన వంటకంలో మొదటి ముద్ద పక్కవాళ్ళ విస్తట్లో వేయడం. పడుకునే ముందు, ఈ రోజు చేసినది నీదే తల్లీ అని అమ్మవారికి అప్పగించడం.

చంద్రపూర్ దగ్గరి బల్లార్‌పూర్ బొగ్గు గనుల్లో పనికి కరీంనగర్ వైపు నుంచి వచ్చి, అక్కడే తలలు నెరిసిన తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. ఒకాయన రిటైరైన తర్వాత కంపెనీ క్వార్టర్ ఖాళీ చేస్తున్న పొద్దున నేనక్కడ ఉన్నాను. సామానంతా ఆటోలోకి ఎక్కింది. ఆయన మాత్రం బకెట్టు పట్టుకుని పెరట్లో జామచెట్టుకు నీళ్ళు పోస్తున్నాడు. పక్కింటి కుర్రాడు అడిగాడు, “పోయేటోనివి, ఇంకా నీళ్ళెందుకు కాకా?”

“నేను రిటైరైన సంగతి చెట్టుకేమెరుక బిడ్డా? దానికి దూపైతది గదా!”

నీళ్ళు పోయడం అయ్యాక ఆయన బకెట్టును ఆటోలో వేయలేదు. వచ్చేవాళ్ళకు కనబడేలా, చెట్టు మొదట్లో బోర్లించి వెళ్ళాడు.